పాలకొల్లు టిఫిన్ హోటల్లో ఆదివారం ఫైట్లు, ఒక ఎర్ర పుస్తకం

పాలకొల్లులో క్షీరారామం గాలిగోపురం కనిపించేంత దూరంలో, కాలువ వంతెన దిగగానే ఒక రేకుల షెడ్డు హోటల్ ఉంది. బోర్డు మీద పేరు ఎండకి వెలిసిపోయి చదవడానికి రాదు. ఎవర్నయినా ‘ఫైట్లు పెట్టే హోటలెక్కడండీ’ అని అడిగితే చూపిస్తారు. ఫైట్లంటే టీవీలో వచ్చే యూఎఫ్‌సీ పోటీలు, గుద్దులు, తన్నులు, కుస్తీ పట్లు అన్నీ చెల్లేవి. మూడేళ్ళకి పైగా ఆదివారం పొద్దుట నా టిఫిన్ అక్కడే. ఈ ఆదివారం, 2025 నవంబరు 16న, పెద్ద ఫైటు ఉంది. కొత్తగా వెళ్ళేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

నా పని మొగల్తూరు వైపు రొయ్యల చెరువుల మీద. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయే టైముకి గట్టు మీద ఉండాలి. వెలుగొచ్చాక నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లలో ఆపాల్సినవి ఆపి, మొదటి మేత వేయించేసరికి ఆరున్నర అవుతుంది. అక్కణ్ణించి బండి మీద నరసాపురం మీదుగా పాలకొల్లు. యూఎఫ్‌సీ పెద్ద ఫైట్లు ఎక్కువగా అమెరికాలో శనివారం రాత్రి జరుగుతాయి కాబట్టి మనకి ఆదివారం పొద్దున వస్తాయి. వాళ్ళు గడియారం ముందుకి జరుపుకునే నెలల్లో మెయిన్ కార్డు, అంటే ఆఖర్న వచ్చే ముఖ్యమైన ఫైట్లు, ఈ ఏడాది మనకి ఏడున్నరకి మొదలయ్యేవి, నవంబరు వచ్చాక ఎనిమిదిన్నరకి. టిఫిన్ టైముకి ఇంత బాగా కుదిరే ఆట నాకు తెలిసి ఇంకోటి లేదు.

ముందు తిండి సంగతి. పెసరట్టు ఉప్మా బాగుంటుంది, దాంతో ఇచ్చే అల్లం పచ్చడి ఇంకా బాగుంటుంది. బెల్లం తగ్గించి వేస్తారు కాబట్టి ఘాటు నాలిక మీద కాసేపు నిలుస్తుంది. ఇడ్లీ మామూలే. పూరీ ఎనిమిది లోపే తినండి, తర్వాత నూనె వాసన తెలుస్తుంది. కాఫీ పల్చన, ఆ మాట వాళ్ళకే చాలాసార్లు చెప్పాను. దిబ్బరొట్టె కోసం మాత్రం పనిగట్టుకుని వెళ్ళొచ్చు. మినప్పిండిలో రవ్వ కలిపి, అడుగు మందంగా ఉన్న మూకుడులో నూనె కాగాక నాలుగు వేళ్ళ మందాన పోస్తారు. మూత పెట్టి, మూత మీద కూడా నిప్పులు వేస్తారు. కిందా పైనా సన్నటి సెగ తగిలి, అంచులు ముందు గట్టిపడతాయి, తర్వాత మూకుడులో చిటపట చప్పుడు మెల్లగా తగ్గుతుంది. ఆ చప్పుడు ఆగిందంటే తిరగెయ్యాలి. అరచేతి మందాన ముక్క కోసి, ఇటుకరంగు పెచ్చు పైకి ఉండేలా ఆకులో పెట్టి, పక్కన చెరుకు పానకం పోస్తారు. యాభై రూపాయలు. ఇద్దరికి చాలుతుంది.

ఒక్క మూకుడు దిగడానికి దగ్గర దగ్గర అరగంట పడుతుంది. చాంపియన్ బెల్టు కోసం జరిగే టైటిల్ ఫైటు అయిదు రౌండ్లు, రౌండుకి అయిదు నిమిషాలు, మధ్యలో నిమిషం చొప్పున విరామం, మొత్తం 29 నిమిషాలు. ఫైటు మొదలయ్యేటప్పుడు ఆర్డరు చెప్తే జడ్జీల మార్కులు చదివే టైముకి రొట్టె బల్ల మీదకి వస్తుంది. మొదటి రౌండులోనే ఎవడో ఒకడు పడిపోతే జనం లేచి వెళ్ళిపోతారు, కాలిన రొట్టె మిగిలిపోతుంది. అందుకే హోటల్ పిన్నిగారు పొయ్యి దగ్గర్నుంచి ముందే అడుగుతారు, ‘ఇది ఆఖరిదాకా వెళ్తుందా అబ్బాయ్, మూకుడు పెట్టనా?’ అని. మా అందరికంటే ఆవిడకే ఆ జవాబు ఎక్కువ అవసరం.

ఇక అసలు సంగతి, పుస్తకం. కౌంటరు మీద ఎర్రట్ట ఖాతా పుస్తకం ఒకటి ఉంటుంది, దానికి పురికొసతో కట్టిన పెన్ను. స్కేలు పెట్టి గీసిన గళ్ళు: పేరు, ఎవరు, ఎలా, ఎన్నో రౌండు. ఆఖర్న సగం పేజీ పట్టేసే గడి, దాని పైన ‘ఎందుకు’ అని ఉంటుంది. ఫైటు మొదలవకముందే రాయాలి. రాసింది దిద్దకూడదు. ‘ఎందుకు’ ఖాళీగా వదిలితే ఆ వరస మొత్తం కొట్టేస్తారు. డబ్బు మాట ఎత్తితే ఇక ఆ హోటల్లో టిఫిన్ పుట్టదు. ఎవరు, ఎలా, ఎన్నో రౌండు మూడూ కుదిరితే ఆ పూట టిఫిన్ ఫ్రీ, రెండు కుదిరితే కాఫీ.

ఫైటు అయ్యాక హోటల్ బాబాయ్ గారు కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కరి ‘ఎందుకు’ పైకి చదువుతారు. ‘నువ్వు చెప్పిన కారణంతోనే గెలిచాడా?’ అని అడుగుతారు. పేరు సరిగ్గా చెప్పి కారణం తప్పయితే ఆ వరస చివర ఎర్రసిరాతో ‘లక్కు’ అని రాస్తారు. రావాల్సిన టిఫినో కాఫీయో వస్తుంది, కానీ ఆ మాట పుస్తకంలో ఉండిపోతుంది. నాకు ఈ హోటల్ మీద ఇంత ఇష్టం కలగడానికి ఆ ఎర్రసిరా మాటే కారణం. నేను సరిగ్గా చెప్పాననుకున్న పదకొండు ఫైట్లలో నాలుగింటికి ‘లక్కు’ ఉంది. ఆ నాలుగూ మళ్ళీ చూశాను, బాబాయ్ గారు రాసింది నిజం.

పోయిన నెల 5వ తేదీ ఫైటు తీసుకోండి. యూఎఫ్‌సీ 320, పెరీరా, అంకలాయెవ్ రెండోసారి. మార్చిలో అంకలాయెవ్ డెసిషన్‌తో, అంటే రౌండ్లన్నీ అయ్యాక జడ్జీల మార్కులతో, పెరీరా దగ్గర బెల్టు తీసుకున్నాడు. నేను మళ్ళీ అంకలాయెవ్, డెసిషన్ అని రాశాను. కారణం: ‘పెరీరాని వెనక్కి నడిపిస్తే అతని చెయ్యి లేవదు. వెనక్కి నడిచేవాడు ఓడిపోతాడు.’ పాలిటెక్నిక్ చదివే కుర్రాడొకడు పెరీరా, నాకౌట్, మొదటి రౌండు అని రాశాడు. కారణం: ‘మార్చిలో ఒంట్లో బాగాలేకుండా దిగానని తనే చెప్పాడు. ఈసారి గంట కొట్టగానే మీదకి వెళ్తాడు.’ ఫైటు 80 సెకన్లలో అయిపోయింది. పెరీరా మొదటి అడుగు నుంచీ ముందుకే వెళ్ళాడు. బాబాయ్ గారు నా గడి చదివి, ‘వెనక్కి నడిచినవాడు ఓడిపోతాడన్నావు, అదే జరిగింది. ఎవడు నడుస్తాడో అన్నది చూసుకోలేదు’ అన్నారు. ఆ ఒక్క మాట వల్ల తర్వాత రెండు వారాలు నేను పాత ఫైట్లలో పాదాలు మాత్రమే చూశాను.

అక్టోబరు 25న అబుదాబిలో ఆస్పినల్, గాన్ ఫైటు మనకి అర్ధరాత్రి వచ్చింది. హోటల్ తెరిచి ఉండదు కాబట్టి సాయంత్రమే అందరం వచ్చి రాసి వెళ్ళాం. మొదటి రౌండులోనే గాన్ వేళ్ళు ఆస్పినల్ కళ్ళలో తగిలి, నో కాంటెస్ట్ అయింది, అంటే ఎవరూ గెలవనట్టు. పొద్దున్న చూస్తే ఆ పేజీకి అడ్డంగా గీత గీసి, ‘ఎవరి కారణమూ తేలలేదు’ అని రాసి ఉంది. తర్వాత మూడు రోజులకి మొంథా తుఫాను వచ్చి షెడ్డు రేకులు రెండు లేచిపోయాయి. బల్లలన్నీ తడిసిపోయాయి. పుస్తకాన్ని మాత్రం పిన్నిగారు సాయంత్రమే కవర్లో చుట్టి బియ్యం డ్రమ్ములో దాచారు.

ఈ పుస్తకం మొదలవడానికి కారణమైన రోజున నేనూ ఉన్నాను. 2022 ఆగస్టు 21, ఆ హోటల్‌కి నేను వెళ్ళడం అదే మొదటిసారి. ఉస్మాన్, ఎడ్వర్డ్స్ ఫైటు. మొదటి రౌండు ఎడ్వర్డ్స్‌ది, తర్వాత మూడూ ఉస్మాన్‌వి. ముగ్గురు జడ్జీల లెక్కలోనూ ఉస్మానే ముందున్నాడు. అయిదో రౌండు అయిపోవస్తోంది. రిటైరయిన మాస్టారొకాయన ‘ఇంకేముందండీ’ అని చెయ్యి కడుక్కోడానికి వెనక్కి వెళ్ళారు. కుళాయి వెనకవైపు ఉంటుంది, అక్కణ్ణించి టీవీ కనబడదు. 56 సెకన్లు మిగిలి ఉండగా ఎడ్వర్డ్స్ ఎడమ చెయ్యి చూపించాడు. ఉస్మాన్ దాన్నుంచి తప్పించుకోడానికి తల వంచాడు, వంచిన చోటికే ఎడమ కాలు వచ్చి తగిలింది. మేం అరిచిన అరుపుకి మాస్టారు తడి చేత్తో పరుగెత్తుకొచ్చేసరికి ఉస్మాన్ వెల్లకిలా పడి ఉన్నాడు. ఆ తర్వాత అరగంట సేపు ప్రతి బల్ల దగ్గరా ‘నేను ముందే అనుకున్నాను’ అన్నమాటే. బాబాయ్ గారు ఏమీ అనలేదు. మర్నాడే పుస్తకం కొన్నారట.

ఆయనకి ఇది కొత్త విద్య కాదు. పాతికేళ్ళు పందెం పుంజుల్ని పెంచిన మనిషి. డేగ, కాకి, నెమలి, పర్ల, సేతువ అని రంగులు చూడగానే చెప్పేవారు. కుక్కుటశాస్త్రం ప్రకారం ఏ రోజున, ఏ దిక్కు నుంచి, ఏ రంగు పుంజుని దింపాలో చూసుకుని మరీ బరికి వెళ్ళేవారు. అలా చూసుకుని వెళ్ళిన ఒక సంక్రాంతికి ఎకరం పొలం పోయింది. ఆ తర్వాత పుంజుల జోలికి వెళ్ళలేదు. ‘శాస్త్రం చూశాను గానీ ఆ రోజు పుంజు కాలు నేల మీద మోపుతున్న తీరు చూడలేదురా. కుంటుతోంది. చుట్టూ ఉన్నవాళ్ళంతా చూశారు’ అని నాతో ఒకసారి అన్నారు. అప్పుడు ఆయన అట్ల పెనం తుడుస్తున్నారు, తలెత్తలేదు.

డబ్బు విషయంలో ఆయన అంత కఠినంగా ఎందుకుంటారో నాకూ అనుభవం మీదే అర్థమైంది. నిరుడు ఫోనులో ఒక టిప్స్ ఛానెల్‌కి నెలకి 499 చొప్పున రెండు నెలలు కట్టాను. ‘గ్యారంటీ విన్నర్’ అని పేరు ఒక్కటే పంపేవాళ్ళు, ఎందుకన్నది ఎప్పుడూ ఉండదు. తప్పయిన పేర్లు తెల్లారేసరికి ఛానెల్లో మాయం. సరిగ్గా వచ్చినవి మాత్రం పెద్దక్షరాలతో మళ్ళీ పెట్టేవాళ్ళు. ప్రతి మెసేజీ కింద ఏదో బెట్టింగ్ యాప్ లింకు. మన రాష్ట్రంలో ఆన్‌లైన్ బెట్టింగ్‌కి 2020 నుంచే నిషేధం ఉంది, ఈ ఏడాది ఆగస్టులో కేంద్రం కూడా చట్టం చేసింది. అయినా ఆ లింకులు వస్తూనే ఉన్నాయి. మా చెరువుల మీద పనిచేసే ఒక కుర్రాడు అలాంటి లింకు నొక్కి రెండు నెలల జీతం పోగొట్టుకున్నాడు. నా 998 రూపాయల గురించి నాకు బాధ లేదు, ఆ కుర్రాడి ఇంట్లో ఆ నెల జరిగిన గొడవ తల్చుకుంటే కోపమొస్తుంది. తప్పు చెరిపేసుకునేవాడి దగ్గర ఎన్నాళ్ళున్నా ఏం నేర్చుకుంటాం? ఎర్ర పుస్తకంలో బాబాయ్ గారివి కూడా తప్పులున్నాయి, ఎవరైనా తిరగేసి చూడొచ్చు.

మనవాళ్ళ ఫైటు వస్తే పుస్తకం నిండిపోతుంది, అందరూ ఒకే పేరు రాస్తారు. 2023 అక్టోబరులో అన్షుల్ జూబ్లీకి అలాగే రాశాం. మూడో రౌండులో మైక్ బ్రీడెన్ పడేశాడు. ఈ ఫిబ్రవరిలో సిడ్నీలో జూబ్లీ మళ్ళీ ఓడాడు, 19 సెకన్లలోనే అయిపోయింది, ఆ పూట ఎవరూ టిఫిన్ సరిగ్గా తినలేదు. అన్ని వరసల్లోనూ ‘ఎందుకు’ కింద ‘మనవాడు’ అని ఉంది. పూజా తోమర్‌కి మాత్రం మా చెల్లెలు వేరేగా రాసింది. 2024 జూన్‌లో, ముందురోజు సాయంత్రం నాతో వచ్చి, ‘పూజా, డెసిషన్. వూషూ ఆడిన మనిషి, దూరం నుంచి కాలితో కొడుతుంది. ఆ దెబ్బలు జడ్జీలకి బాగా కనబడతాయి’ అని రాసింది. ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు పూజాకి ఇచ్చారు. యూఎఫ్‌సీలో గెలిచిన మొదటి భారతీయురాలు ఆమె. మా చెల్లి వరస చివర ఎర్రసిరా లేదు. పిన్నిగారు ఆ రోజు రొట్టె మీద ఇంత వెన్న వేసి ఇచ్చారు.

సరే, ఈ ఆదివారం సంగతి. యూఎఫ్‌సీ 322, న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్. జాక్ డెల్లా మడలేనా చాంపియన్, ఇస్లాం మఖచేవ్ ఛాలెంజర్. మఖచేవ్ 155 పౌండ్ల బెల్టు వదిలేసి 170కి వస్తున్నాడు. అంటే 70 కిలోల మనిషి 77 కిలోల వాళ్ళ మధ్యకి రావడం. 2015లో ఒక్కసారి ఓడాడు, ఆ తర్వాత వరసగా 15 గెలిచాడు. ఇది గెలిస్తే ఆండర్సన్ సిల్వా పేరున ఉన్న 16 వరస విజయాల రికార్డుతో సమానం. అవతల మడలేనా మొదటి రెండు ఫైట్లూ ఓడి, ఆ తర్వాత 18 గెలిచిన మనిషి. ఈ మేలో బెలాల్ మహమ్మద్ దగ్గర బెల్టు తీసుకున్నాడు.

బరువు గురించి పుస్తకంలో చాలామంది రాశారు. నేను వేరేగా చూస్తాను. చెరువులో మేత వేశాక చెక్ ట్రే ఎత్తి చూస్తాం. మేత మిగిలిందా, రొయ్య పేగు నిండు గీతలా ఉందా, మధ్యలో తెగిందా అన్నది చూసి వారం తర్వాత చెరువు ఎలా ఉంటుందో చెప్పొచ్చు. పైనుంచి నీళ్ళ రంగు చూస్తే తెలియదు. ఫైటర్లకి ఆ చెక్ ట్రే ముందురోజు బరువు తూచడం. మనకి శుక్రవారం సాయంత్రం వస్తుంది, తప్పకుండా చూడండి. కళ్ళ కింద గుంటలు, పెదాలు, తక్కెడ దిగేటప్పుడు పాదం ఎలా పడుతోంది. 155కి దిగడానికి మఖచేవ్ ఒళ్ళు చాలా పిండుకునేవాడు. ఈసారి ఆ బాధ తక్కువ. చిన్నవాడు పెద్దవాడి మీదకి వెళ్తున్నాడని అందరూ అనుకుంటున్నారు గానీ, నీళ్ళు తాగి నిద్రపోయి వచ్చే మఖచేవ్‌ని మనం ఇంకా చూడలేదు.

మడలేనా గుద్దులు నాకు చాలా ఇష్టం. రెండు చేతులూ ఒకేలా ఆడతాయి, పొట్టలో కొట్టి తల కిందకి దిగాక పైన కొడతాడు. నిలబడి ఆడితే అతనిదే ఫైటు. నిలబడనిస్తారా అన్నదే ప్రశ్న. 2023లో మడలేనాని హఫీజ్ పడేశాడు, అప్పుడు ముగ్గురు జడ్జీల్లో ఒకరు హఫీజ్‌కే ఇచ్చారు కూడా. 2024లో బర్న్స్ కూడా పడేశాడు. కానీ మూడో రౌండులో మడలేనా కింద నుంచి లేచి, మోకాలితో కొట్టి ఫైటు ముగించాడు. బెలాల్ పట్లని చాలావరకు విదిలించుకున్నాడు. కాబట్టి లేవడం తెలుసు. అయితే మఖచేవ్ దూరం నుంచి కాళ్ళ మీదకి దూకే రకం కాదు. దగ్గరికొచ్చి నడుం చుట్టి, మడమ వెనక తన పాదం అడ్డుపెట్టి, తలుపు జారేసినట్టు పడేస్తాడు. పడ్డవాడు లేవబోతే మెడ దొరుకుతుంది. పోయిరేకి అయిదో రౌండులో, ఈ జనవరిలో మోయికానోకి మొదటి రౌండులోనే మెడ అలాగే దొరికింది, రెండుసార్లూ ఒకటే చోక్, అంటే మెడ బిగించే పట్టు.

నేను రాసింది: మఖచేవ్, చోక్, నాలుగో రౌండు. ఎందుకు: ‘మడలేనా లేస్తాడు. మూడు రౌండ్లు లేచాక లేవడం నెమ్మదిస్తుంది, అప్పుడు మెడ వదిలేస్తాడు.’ దీనికి ఎదురు కూడా నాకు తెలుసు. 2023 ఫిబ్రవరిలో మడలేనా సొంతూరు పెర్త్‌లోనే వోల్కనోవ్‌స్కీ మఖచేవ్‌తో అయిదు రౌండ్లూ లేస్తూనే ఉన్నాడు, ఆఖరి రౌండులో తనే పైన ఉండి కొట్టాడు. అది తల్చుకుంటే టెన్షన్‌గానే ఉంది. అయినా దిద్దను.

వెళ్ళేవాళ్ళకి ఒకట్రెండు మాటలు. కార్తీకమాసం కాబట్టి పంచారామాల బస్సులు తెల్లవారుజాము నుంచే వస్తాయి, వంతెన దగ్గర బండి పెట్టడానికి చోటుండదు. ఏడింటికే వెళ్ళి, బండి కాలువ గట్టు మీద పెట్టుకోండి. గుడికొచ్చిన పెద్దవాళ్ళు కూడా అక్కడే తింటారని సౌండు తగ్గిస్తారు, పెంచమని అడగొద్దు. టీవీ కింద బల్ల ఖాళీగా కనిపిస్తుంది గానీ ఇడ్లీ పాత్ర ఆవిరంతా అటే వస్తుంది, అక్కడ కూర్చుంటే తెర సరిగ్గా కనబడదు. కుళాయి మాత్రం ఇంకా వెనకే ఉంది. దాన్ని ముందుకి మార్చమని మూడేళ్ళుగా అడుగుతున్నాం. షెవ్‌చెంకో, ఝాంగ్ వైలీ ఫైటు కూడా ఆ రోజే, మెయిన్ ఫైటుకి ముందు. ఆ పేజీ ఇంకా సగం ఖాళీగా ఉంది, వచ్చి రాయండి. వనభోజనాలకి వెళ్ళాల్సినవాళ్ళు తోటకి కాస్త ఆలస్యంగా వస్తామని ఇంట్లో ముందే చెప్పుకోండి.

బాబాయ్ గారు ఎప్పుడూ అందరూ రాశాకే రాస్తారు. పోయిన ఆదివారం నేను డబ్బులిస్తూ ఈసారి ఏం రాస్తారని అడిగాను. కాసేపు ఆలోచించి, ‘మఖచేవే. కానీ చోక్ దొరకదు. ఆ కుర్రాడు పడతాడు, లేస్తాడు, మళ్ళీ పడతాడు, మళ్ళీ లేస్తాడు. అయిదు రౌండ్లూ అదే’ అన్నారు.

పొయ్యి దగ్గర్నుంచి పిన్నిగారు విన్నారు. ‘అయిదు రౌండ్లూ నడుస్తుందంటారా? అయితే ఆయ్, రెండు మూకుళ్ళు పెట్టేస్తాను’ అన్నారు.